కల్లు ఒక్కటే సార్

మా తమ్ముడు శ్రీను ఇప్పుడు కడుపునిండా అన్నం తింటున్నాడు. పొద్దున లేచి మగ్గం మీద కూర్చుంటున్నాడు. నీళ్ళ గ్లాసు చేతికిస్తే ఒలకకుండా తాగుతున్నాడు. ఇదేం గొప్ప అని ఎవరైనా అనుకోవచ్చు. రెండేళ్ళ కిందట మా ఇంటికి వచ్చి చూసినవాళ్ళెవరూ అలా అనుకోరు.

మొన్న మా వెనక గల్లీ నుంచి ఒకావిడ వచ్చి మా అరుగు మీద కూలబడింది. "పద్మా, మా పోరనికి చేతులు అదురుతానయే. మీ శ్రీనుకు ఏం జేసిన్రు? ఏ బాబా తాన తాయెత్తు కట్టిచ్చిన్రు?" అని అడిగింది. ఏం తాగుతున్నాడని అడిగాను. "అయ్యో, ఏం తాగడే. వాళ్ళ నాయినతోని కూసోని ఇంత కల్లు తాగుతడు, గంతే," అంది. ఆ 'గంతే' వినగానే నాకు కోపమొచ్చింది. పాపం ఆవిడ మీద కాదు నా కోపం. ఆ మాట మా ఇంట్లో ఎన్నిసార్లు విన్నానో నాకే తెలుసు. అందుకే కూర్చుని రాస్తున్నాను. శాంతంగా రాయడం నా చేత కాదు. ఉన్నది ఉన్నట్టు, కోపంగానే రాస్తాను. చదివే తల్లులు నన్ను తిట్టుకున్నా పరవాలేదు, పిల్లల చేతుల వైపు మాత్రం ఒకసారి చూడండి.

ఎనభై ఒకటి, ఎండకాలం

మాది వరంగల్ కొత్తవాడ. నాన్నను మేం బాపు అంటాం, అమ్మను అవ్వ అంటాం. మా బాపు జంపఖానాలు నేస్తాడు, మా అవ్వ నూలు కండెలు చుడుతుంది. వెడల్పు జంపఖానాకు మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ముందు బాపు పక్కన మా పెద్దబాపు, అంటే ఆయన అన్న, కూర్చునేవాడు. పెద్దబాపు అదే గల్లీలో సొంతంగా మగ్గం పెట్టుకుని వేరుపడ్డాడు, మా బాపమ్మను కూడా తన దగ్గరే ఉంచుకున్నాడు. ఖాళీ అయిన చోటులో కూర్చోవడానికి మా శ్రీను ఏడో తరగతితో బడి మానేశాడు. నేను ఇంటర్ అయ్యాక గల్లీ చివరి ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని.

మా ఇళ్ళల్లో కల్లు మీద ఎవరికీ చెడ్డమాట లేదు. జ్వరం వచ్చి తగ్గితే చలువ చేస్తుందని పిల్లలకు కూడా ఇంత పోస్తారు. సారా తాగేవాడిని తాగుబోతు అంటారు. కల్లు తాగేవాడిని ఏమీ అనరు, ఎందుకంటే అందరూ తాగుతారు.

ఆ ఏడు మా గల్లీలో ఒక పోరడు చాటుగా గుడుంబా సారా తాగి మురికి మోరీలో పడి ముందరి పండ్లు ఊడగొట్టుకున్నాడు. వాడి తండ్రి పొద్దస్తమానం పని మీద తిరిగేవాడు, కొడుకు ఎక్కడున్నాడో కూడా ఎరగడు. ఆ సంగతి విని మా బాపు అన్నం ముందు కూర్చుని పెద్ద తీర్పు చెప్పాడు.

"అయ్య సూస్కోకపోతే పోరగాండ్లు గిట్లనే ఖరాబైతరు. మనోడు గట్ల చాటుకు తాగే పని లేదు. తాగాల్నంటే నా పక్కపొంటి కూసోని తాగుతడు. ఒక్క సీసా. దానిమీద సుక్క ముట్టనియ్య."

"మంచిదే గదా, నీ కండ్ల ముందట ఉంటడు," అంది అవ్వ.

అప్పటికి శ్రీనుకు పద్నాలుగేళ్ళు. మూతి మీద నూగు కూడా సరిగ్గా రాలేదు. ఆ సాయంత్రం నుంచి మగ్గం దిగగానే తండ్రీ కొడుకూ కాళ్ళు కడుక్కుని, తలలు దువ్వుకుని, గుడికి పోయినట్టు కల్లు కాంపౌండుకు పోయేవారు.

ఆ కాంపౌండులో ఒక్క తాటిచెట్టు లేదు, ఈతచెట్టు లేదు. మరి కల్లు ఎక్కడిది? డ్రమ్ముల్లో నీళ్ళు, తీపి గోళీలు, నురగ రావడానికి కుంకుడు రసం, మత్తుకు తెల్లటి పొడి. ఇది దాపరికం కూడా కాదు. అందరూ దాన్ని మందు కల్లు అనే పిలిచేవారు. చెట్టు నుంచి దింపిన కల్లు తెచ్చి ఇస్తే, "ఇది ఎక్కుతలేదు, మందుదే పొయ్యి," అని అడిగి మరీ పోయించుకునేవారు. ఛీ! ఏం తాగుతున్నారో తెలిసి, పేరు పెట్టి, ముద్దుగా పిలుచుకుని తాగేవారు.

ఒకసారి ఇంటికి చుట్టాలొస్తే బాపును పిలవడానికి నేను అక్కడికి వెళ్ళాల్సి వచ్చింది. తడికె దాటగానే ఈగలు ముఖం మీదికి లేచాయి. ఒకడు తన కక్కు మీద తానే బోర్లా పడుకుని ఉన్నాడు. వాడి పక్కనే ఇంకొకడు కూర్చుని ఉడికించిన శనగ గుడాలు తింటున్నాడు, వాడికి చీమ కుట్టినట్టు కూడా లేదు. ఆ మధ్యలో మా శ్రీను బాసింపట్టు వేసుకుని, బడిలో కూర్చున్నంత బుద్ధిగా, సీసా రెండు చేతులతో పట్టుకుని తాగుతున్నాడు. మూతికి తెల్లటి నురగ. పక్కన బాపు కొడుకు వీపు నిమురుతున్నాడు. ఎదురుగా పెద్దబాపు మెచ్చుకుంటున్నాడు: "పద్ధతంటే నీదే తమ్మీ. కొడుకును గిట్ల పక్కనేసుకుంటే ఎటు పోతడు?"

బాపు నవ్వాడు. ఆ నవ్వులో గర్వం ఉంది. నాకు ఒళ్ళు మండిపోయింది. "చుట్టాలచ్చిన్రు, రా," అని చెప్పి ముక్కు మూసుకుని బయటికి వచ్చేశాను. 

ఎనభై రెండు

ముందు చేతులకు వచ్చింది. మధ్యాహ్నం దాటితే శ్రీను వేళ్ళు అదిరేవి. పోగు పట్టుకుంటే జారిపోయేది. బాపు వైపు అంచు గీత గీసినట్టు ఉండేది, శ్రీను వైపు అంచు ఎలుక కొరికినట్టు వంకరలు పోయేది. మాకు నూలిచ్చి నేయించుకునే సేటు జంపఖానా తిప్పి చూసి, "ఇది ఏం పని? ఇంటికాడ పరుసుకోన్రి," అని విసిరేశాడు.

బాపు దానికి కారణం కనిపెట్టాడు. ఒంట్లో వేడి. వేడికి మందు ఏమిటి? కల్లు. అందుకని సాయంత్రం సీసా కాక పొద్దున కూడా ఒక గ్లాసు. ఆ గ్లాసు తాగితే చెయ్యి నిలిచేది. నిలిచిందంటే మందు పనిచేసినట్టే కదా! అవ్వ ఆ గ్లాసు కల్లును తానే చెంబులో తెచ్చి, మూత పెట్టి, పాలు దాచినట్టు దాచేది. నన్ను తెమ్మంటే తేనని మొహం మీదే చెప్పాను.

"సదువుకున్న పొగరు," అన్నాడు బాపు. "నేను తాగుత లేనా? నాకేమైంది? వాడు ఒక్కనాడన్న చాటుకు తాగిండా? నాకు చెప్పకుంట ఒక్క గుక్క ముట్టిండా?"

నిజమే, ముట్టలేదు. మా శ్రీను అంత మంచి కొడుకు. తండ్రి పోస్తే తాగాడు, తండ్రి పోసినంతే తాగాడు. అదే నా కడుపుమంట.

ఆ తర్వాత వాడు తింటూ తింటూ కంచం మీదే నిద్రపోవడం మొదలుపెట్టాడు. నోటి చివర్ల నుంచి చొంగ కారేది. పదిహేనేళ్ళ పిల్లవాడు చాపలోనే ఉచ్చ పోసుకునేవాడు. అవ్వ తెల్లారకముందే ఆ చాపను కడిగి, ఇంటి వెనక ఆరేసి, "నీళ్ళు ఒలికినయ్," అని అందరికీ అబద్ధం చెప్పేది. నేను ఆ చాపను చూసి తల తిప్పుకునేదాన్ని. నా సొంత తమ్ముడి మీద నాకు అసహ్యం వేసేది. అది ఇంకా నరకం. చిన్నప్పుడు వాణ్ణి చంకనేసుకుని తిరిగిన దాన్ని, వాడు పక్కకు వస్తే జరిగి కూర్చునేదాన్ని.

ఎనభై మూడు, మే

డోర్నకల్‌లో మా మేనత్త ఉంటుంది. మామ రైల్వేలో పనిచేస్తాడు. ఆయనకు తాగుడంటే గిట్టదు, ఇంట్లోకి రానివ్వడు. ఇంటికి సున్నం వేసుకుంటున్నామని, శ్రీనును కొన్నాళ్ళు పంపమని అత్త కబురు పెట్టింది. నేను సంబరపడ్డాను. గాలి మారితే బాగుపడతాడనుకున్నాను. నాకూ ఏమీ తెలియదు అప్పుడు.

వెళ్ళిన మర్నాటికే వాడికి చెమటలు పట్టాయట. ఆ తర్వాత గోడకు సున్నం పూసేవాడు కాస్తా బ్రష్షు వదిలేసి గాలిలో ఏదో పీకడం మొదలుపెట్టాడట. "అత్తా, గోడల్లకెల్లి దారాలు వస్తానయి. తెంపుతాంటే తెగుతలెవ్వు. జర కత్తెరియ్యే," అని అడిగాడట. అత్త తర్వాత మాకు ఇదంతా చెప్పింది. లేని పోగులను వేలికి చుట్టుకుంటూ, ముడి వేస్తూ, నిద్ర లేకుండా కూర్చున్నాడట. చివరికి కాళ్ళూ చేతులూ కొట్టుకుని పడిపోయాడు.

మామ వాణ్ణి తువ్వాలతో తన నడుముకు కట్టుకుని, అత్తతో కలిసి పాసింజర్ బండిలో వరంగల్ తీసుకొచ్చాడు. బోగీలో జనం దూరం జరిగారట. ఒక ముసలాయన మాత్రం తన సీటు వదిలి, "పండుకోబెట్టు బిడ్డా," అని కింద కూర్చున్నాడట. ఆయన ఎవరో మాకు తెలియదు. దండం పెట్టుకోవాలనిపిస్తుంది.

ఇంటికి వచ్చేసరికి శ్రీను నన్ను గుర్తుపట్టలేదు. గల్లీ అంతా మా వాకిట్లో చేరింది. గాలి సోకిందని ఒకరు, డోర్నకల్ టేషన్లో ఎవరో చేతబడి చేశారని ఒకరు. వేపమండలు వచ్చాయి, నిమ్మకాయలు వచ్చాయి. మా బాపు మాత్రం వెళ్ళి సీసా తెచ్చాడు. కొడుకు తల ఒడిలో పెట్టుకుని, పండ్లు విడదీసి, కొంచెం కొంచెంగా పోశాడు. కాసేపటికి శ్రీను చేతులు ఆగాయి. దారాలు పీకడం ఆగింది. కళ్ళు మూసుకుని నిద్రపోయాడు.

బాపు ఏడ్చాడు. నవ్వుతూ ఏడ్చాడు. "సూసిన్రా? కల్లు లేకనే పోరడు గిట్లయిండు. మీరేమో గాలంటిరి, ధూళంటిరి!"

అందరూ తలలూపారు. మామ ఏదో అనబోయాడు, అత్త ఆయన చెయ్యి గిల్లింది. నేను మాత్రం అరిచాను. "బాపూ, తాగకపోతే సచ్చేటట్టు అయితాండంటే, అది ఏం కల్లు? మనం పాలు తాగకపోతే గిట్ల అయితామా?"

"నోరు ముయ్యి. పోరడు బతికిండు సాలదా నీకు?" అన్నాడు.

 ఆ రోజు నుంచి సీసాలు రెండయ్యాయి, తర్వాత ఎన్నయ్యాయో నేను చూడటం మానేశాను.

ఆ వానకాలం

ఉన్నట్టుండి ఎక్సైజు వాళ్ళు వచ్చి కాంపౌండుకు తాళం వేశారు. మొదటి రోజు గల్లీలో మగవాళ్ళు జోకులు వేసుకున్నారు. ఆ తర్వాత ఒక్కో ఇంట్లో నుంచి ఏడుపు వినిపించింది. మగ్గాలు ఆగిపోయాయి. మా శ్రీను మళ్ళీ దారాలు పీకాడు. ఈసారి గోడలోంచి కాదు, తన కళ్ళలోంచే పీకబోయాడు. నేను రిక్షా పిలిచాను. ఎవరినీ అడగలేదు. అవ్వ కాళ్ళ వైపు, నేను తల వైపు పట్టుకుని ఎక్కించాం. బాపు వెనక నడుచుకుంటూ వచ్చాడు.

పెద్ద దవాఖాన వరండా అంతా మా లాంటివాళ్ళే. ఊళ్ళ నుంచి ఎడ్లబండ్ల మీద తెచ్చినవాళ్ళు, నులకమంచాల మీద మోసుకొచ్చినవాళ్ళు. ఫినాయిలు వాసన, కక్కు వాసన, తడిసిన బట్టల వాసన. ఎవడో గోడను తిడుతున్నాడు. ఎవడో లేని ఎడ్లను అదిలిస్తున్నాడు. మేం సిమెంటు బెంచీ ముందు నేల మీద కూర్చున్నాం. మధ్యాహ్నమైంది. కదలమంటే కదలం, పిలవమంటే పిలవరు. అవ్వ గట్టిగా ఏడవడానికి కూడా సిగ్గుపడి కొంగు నోట్లో కుక్కుకుంది.

శ్రీను చేతులు నులకతాడుతో కట్టి ఉంచాం. వాడు గుంజుకుంటుంటే మణికట్టు ఒరుసుకుపోయి రక్తం వచ్చింది. మా పక్కన ఒక పల్లెటూరి ఆవిడ ఉంది. ఆమె మొగుడు కూడా అదే పరిస్థితిలో నేల మీద కొట్టుకుంటున్నాడు. ఆమె తన మూటలోంచి పాత చీర తీసి, పళ్ళతో కొరికి, రెండు పీలికలు చించి నా చేతికిచ్చింది. "తాడు కోస్తది బిడ్డా. ఇది మెత్తగుంటది. నా మొగనికి గూడ ఇదే కట్టిన," అంది. ఆ చీర తప్ప ఆ మూటలో ఇంకేమీ లేదు. నేను అప్పటిదాకా ఏడవలేదు. ఆ పీలికలు కడుతూ ఏడ్చాను.

మా వంతు వచ్చాక డాక్టరు శ్రీను కళ్ళు చూశాడు, నాలుక చూశాడు. కోస్తా మాట ఆయనది.

"ఏం తాగుతాడయ్యా మీవాడు?"

"ఏం తాగడు సార్," అన్నాడు మా బాపు. "కల్లు ఒక్కటే సార్."

డాక్టరు తలెత్తి చూశాడు. బాపు అంతటితో ఆగితే బాగుండేది. ఇంకాస్త ముందుకు జరిగి, తన గొప్ప చెప్పుకున్నట్టు చెప్పాడు: "నా పక్కపొంటి కూసోనే తాగుతడు సార్. నేను లేకుంట ఒక్కనాడు తాగలే. గంత కట్టుబాటుల పెంచిన."

 డాక్టరు, "నీ చేతులు చూపించు," అన్నాడు. బాపు చేతులు చాపాడు. కొడుకు చేతులు ఎలా వణుకుతున్నాయో అవీ అలాగే వణుకుతున్నాయి. కాంపౌండుకు తాళం పడ్డప్పటి నుంచి కల్లు దొరకలేదు కదా. "నువ్వు కూడా చేరాలి," అన్నాడు డాక్టరు. బాపుకు కోపం వచ్చింది. "నాకేమైంది సార్? నేను మంచిగున్న. పోరన్ని సూడున్రి," అని చేతులు చంకల్లో దాచుకున్నాడు.

నేల చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది. సిగ్గు కాదు, రోత. తండ్రంటే నాకు అంత రోత ఎప్పుడూ కలగలేదు.

సూదులు వేశారు. ఏం వేశారో, ఎందుకు వేశారో నాకు తెలియదు, తెలుసుకునే ఓపికా లేదు. శ్రీను నిద్రపోయేవాడు, లేచి అరిచేవాడు, మళ్ళీ నిద్రపోయేవాడు. అవ్వ ముఖం చూసి, "ఎవరు నువ్వు?" అని అడిగాడు. వాడు అలాగే ఉండిపోతాడేమోనని మాకు భయం. పక్క మంచాల వాళ్ళలో ఒకరిద్దరిని తెల్లగుడ్డ కప్పి తీసుకుపోయారు. చీర చించి ఇచ్చిన ఆవిడ మొగుడు కూడా పోయాడు. ఆమె వెళ్ళేటప్పుడు శ్రీను తల నిమిరి వెళ్ళింది.

శ్రీను కాస్త తేరుకుంటున్నాడనగా, సాయంత్రం మా బాపు ఫ్లాస్కు పట్టుకుని వచ్చాడు. "గంజి తెచ్చిన," అన్నాడు. నేను ముందు ఫ్లాస్కు చూడలేదు, ఆయన చేతులు చూశాను. చేతులు వణకడం లేదు.  ఫ్లాస్కు లాక్కుని మూత తీశాను. ఎక్కడో ఊరవతల కల్లు దొరికించుకుని, తాను తాగి, కొడుక్కి పట్టుకొచ్చాడు!

"ఒక్క గుక్క పద్మా," అన్నాడు బాపు, గొంతు తగ్గించి. "సూస్తలేవా ఎట్ల కొట్టుకుంటాండో? నాతోని సూసుడైతలేదు. ఒక్క గుక్క తాగితే నిమ్మలమైతడు."

"మే నెలల గూడ నిమ్మలమైండు గదా! అయి ఏమైంది? ఏడికొచ్చి పండిండు?" అని వార్డంతా వినేలా అరిచాను. "నీ కొడుకు మీద నీకు ప్రేమ లేదని అంటలేను బాపూ. నీ ప్రేమ సల్లగుండ, వాన్ని సంపుతానవ్!"

మోరీలో ఒంపేశాను. బాపు చెయ్యి ఎత్తాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. మోరీ వైపు చూశాడు. ఒలికిపోయిన కల్లు కోసం చూశాడని నాకు అర్థమైంది, నా కోసమో శ్రీను కోసమో కాదు. ఆ చూపు నేను ఈ జన్మలో మరిచిపోలేను.

ఇంటికొచ్చాక

శ్రీను బతికాడు. ఎముకల గూడులా ఇంటికొచ్చాడు. కాంపౌండు తాళం అప్పటికే తీశారు, ఎందుకు తీశారో ఎవరూ అడగలేదు. బాపు శ్రీనును వెంట తీసుకెళ్ళడం మానేశాడు. తాను వెళ్ళడం మాత్రం మానలేదు.

పగలు ఎలాగో గడిచేది. పొద్దు వాలి, మగవాళ్ళు కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు వినిపిస్తే శ్రీను లోపల కాలుగాలిన పిల్లిలా తిరిగేవాడు. అందుకని నేను బడి నుంచి రాగానే వాణ్ణి సైకిల్ తొక్కించుకుంటూ ఖిలాకు, మా ఊరి పాత కోటకు, తీసుకుపోయేదాన్ని. పల్లికాయ కొనుక్కుని రాళ్ళ మీద కూర్చునేవాళ్ళం. ఎక్కువ మాటలుండేవి కావు. ఒకరోజు వాడు, "అక్కా, బాపు నన్ను సూస్కోలేదని అనకే. నన్ను మస్తు సూస్కున్నడు," అన్నాడు. నేను కోపంతో పల్లికాయ పొట్లం విసిరికొట్టాను. తర్వాత వాడే ఏరుకొచ్చాడు.

చూసుకోవడమంటే పక్కన కూర్చోవడం కాదని వాడికి నేనెలా చెప్పను? కొడుకు సీసాలు లెక్కపెట్టినవాడు కొడుకు ముఖం ఎందుకు చూడలేదు? అంచు వంకర పోయిందని సేటు చూశాడు, చాప తడిసిందని అవ్వ చూసింది, చూసుకుంటున్నానన్న తండ్రికే ఏమీ కనపడలేదు.

ఎనభై నాలుగు, చలికాలం

మా బాపమ్మ పోయింది. పెద్దబాపు ఇంటి ముందు పెద్దదినం, అంటే పెద్దకర్మ, పెట్టారు. మగవాళ్ళు జంపఖానాల మీద వరసగా కూర్చుంటారు. పోయిన మనిషి పేరు మీద ముందు కొడుకులకు, తర్వాత మనుమలకు కల్లు పోస్తారు. అక్కడ వద్దంటే పోయినవాళ్ళను తిట్టినట్టే లెక్క. శ్రీనును పంపొద్దని అవ్వకు చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "మనుమడు కూసోకపోతే నలుగురు ఏమంటరే?" అంది. ఆ నలుగురి నోట్లో మన్ను పడ.

శ్రీను బాపు పక్కన కూర్చున్నాడు. పెద్దబాపు కుండతో వచ్చి వాడి ముందు గ్లాసు నింపాడు.

"తాగురా. మీ బాపమ్మ నిన్ను ఎత్తుకొని తిప్పింది."

"నాకద్దు పెద్దబాపూ," అన్నాడు శ్రీను, వినీ వినపడకుండా.

వరసలో ఎవరో నవ్వారు. "దవాఖాన పోరడు," అన్నారు ఇంకెవరో. పెద్దబాపు ముఖం ఎర్రబడింది. "మా అవ్వ పేరు మీద పోస్తే వద్దంటవా? ఏం తమ్మీ, నీ కొడుక్కు నువ్వన్న చెప్పు."

అందరూ మా బాపు వైపు తిరిగారు. శ్రీను కూడా తిరిగాడు. "బాపూ, నువ్వే చెప్పు. తాగాల్నా?" అని అడిగాడు.

నేను ఆడవాళ్ళ వైపు అన్నం గంపతో నిలబడి ఉన్నాను. బాపు ఒక్క మాట అంటే చాలు. వద్దు అంటే చాలు. ఆయన ముందరి విస్తరాకును చూస్తూ కూర్చున్నాడు. నోరు పడిపోయిందా ఈయనకు అని పళ్ళు నూరుకున్నాను.  శ్రీను చెయ్యి మోకాలి మీది నుంచి లేచింది. గ్లాసు వైపు పోయింది. వేళ్ళు దాన్ని తాకాయి.

బాపు ఆ గ్లాసును గుంజుకుని తానే గటగటా తాగేశాడు.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. పెద్దబాపు పంతం కొద్దీ గ్లాసు మళ్ళీ నింపి శ్రీను ముందు పెట్టాడు. బాపు దాన్ని కూడా తాగాడు. "పొయ్యి అన్నా," అన్నాడు. "వాని వంతు గూడ నాకే పొయ్యి." పోశారు. తాగాడు. మూతి నుంచి అంగీ మీదికి కారుతోంది. వరస వరసంతా పడీ పడీ నవ్వుతోంది. నేను గంప కింద పడేసి, మగవాళ్ళ మధ్యలోంచే వెళ్ళి, శ్రీను రెక్క పట్టుకుని ఇంటికి ఈడ్చుకొచ్చాను.

ఇంట్లో గోడకు ఆనుకుని వాడు చాలాసేపు ఊపిరి పీల్చుకున్నాడు. "నా చెయ్యి పోయిందే దాని మీదికి," అన్నాడు.

"సూసిన."

"బాపు గుంజుకోకపోతే తాగుదునక్కా." మళ్ళీ వాకిలి వైపు చూసి, "బాపును ఎవరు తోల్కస్తరే?" అన్నాడు.

"పడి ఉండనియ్యి ఆన్నే," అన్నాను.

వాడు లేచి చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడికే! నేను వాణ్ణి లోపలికి నెట్టి, అవ్వ వచ్చేదాకా కదలొద్దని బయట గొళ్ళెం పెట్టి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని నేనే వెళ్ళాను.

వరస లేచిపోయింది. ఎంగిలి విస్తళ్ళను కుక్కలు గుంజుతున్నాయి. బాపు జంపఖానా మీద ఒక పక్కకు ఒరిగి, కక్కుకుని, అందులోనే చెంప పెట్టి పడి ఉన్నాడు.  చంకల కింద చేతులు వేసి లేపబోతే కళ్ళు సగం తెరిచి నన్ను గుర్తుపట్టాడు.

"వాడు తాగిండా?" అన్నాడు.

"తాగలే బాపూ. లే," అన్నాను.